తగిలింది పెదనాయనా

డెబ్బైల చివర, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నంద్యాలలో పెళ్లికాని టీచరమ్మకు ఆదివారం గడవడం అంత తేలిక కాదు. సినిమాకు పోతే ఇంటర్వెల్లో గోలీసోడా తాగిన సంగతి సోమవారం ప్రార్థన గంటకు ముందే బడంతా తెలిసిపోయేది. గదిలో కూర్చుంటే ఇంటి ఓనరమ్మ వచ్చి, గోస్పాడులో వాళ్ల అక్క మరిది కొడుకు ఉన్నాడని సంబంధం మొదలుపెట్టేది. నా తోటి టీచర్లు ఊలుతో స్వెట్టర్లు అల్లేవారు (నంద్యాల ఎండకు ఆ స్వెట్టర్లు ఎవరు తొడుక్కున్నారో నాకు ఇప్పటికీ తెలియదు). నేను మాత్రం శనివారం బడి వదలగానే ఆళ్లగడ్డ బస్సెక్కేదాన్ని. ఎందుకంటే మర్నాడు చర్చి అయిపోయాక మా పెదనాయనతో కలిసి తుపాకి కాల్చాలి. ఈ సంగతి మా హెడ్మాస్టరుకు చివరిదాకా చెప్పలేదు. పాపం ఆయన ఇప్పుడు లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

పెదనాయన అంటే మా నాయనకు అన్న. మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చి, ఆళ్లగడ్డ పక్క పల్లెలో నాలుగెకరాల జొన్నచేను చూసుకుంటూ, చర్చిలో సంఘపెద్దగా ఉండేవాడు. ఆయన రైఫిలు కూడా ఆయన లాగానే రిటైరైన సిపాయి. పెద్ద యుద్ధంలో పనిచేసి, ఇక చాలని మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత సరుకులోది. దాని చెక్క మీద ఎవరో సిపాయి కత్తిమొనతో రెండక్షరాలు చెక్కుకున్నాడు. అవి ఏ భాషవో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెదనాయన దాన్ని తుడిచేటప్పుడు ఆ అక్షరాల దగ్గర మాత్రం గుడ్డను నెమ్మదిగా తిప్పేవాడు. నూనె కోసం పెద్దమ్మ కుట్టుమిషను సీసా ఖాళీ చేసేవాడు. "ఆ తుపాకికి తాపిన నూనె నా తలకు పెట్టినా నాలుగు ఎంట్రుకలు మిగిలుండు" అని పెద్దమ్మ ప్రతి ఆదివారం అనేది.

లైసెన్సు మీద ఆ రైఫిలు పంట రక్షణ కోసమని ఉండేది. నల్లమల నుంచి దిగే అడవిపందులను తోలడానికన్నమాట. నిజం చెప్పాలంటే పందులు వచ్చే వేళకు పెదనాయన గురకపెట్టేవాడు, ఆయన లేచే వేళకు పందులు గురకపెట్టేవి. ఇద్దరికీ జీవితంలో పరిచయం కాలేదు. మరి గుండ్లన్నీ ఏమయ్యేవంటే, కుండలకు పోయేవి. చేను చివర, గుట్ట వాలుకు ముందు, ఆళ్లగడ్డ శిల్పులు పనికిరాదని పారేసిన ఒక రాతి ఏనుగు ఉండేది. తొండం చెక్కుతుండగా విరిగిందట. దాని వీపు మీద ఓటికుండ పెట్టి, వంద అడుగుల దూరంలో జనపగోతం పరుచుకుని, పెదనాయన బోర్లా పడుకుని కాల్చేవాడు. వెనక గుట్ట ఉంది కాబట్టి గుండు ఎక్కడికీ పోదు. (పక్కనే చెయ్యి విరిగిన దేవుడి విగ్రహం కూడా ఉండేది. దాని మీద మాత్రం కుండ పెట్టనిచ్చేవాడు కాదు. "మన దేవుడు కాకపోతే ఏందీ, దేవుడే కదా" అనేవాడు.)

కుండలకు కొదవ లేదు. ఊళ్లో ఆడవాళ్లు పగుళ్లిచ్చిన కుండలన్నీ వారమంతా దాచి ఇచ్చేవారు. ఉత్తినే ఇచ్చేవారు కాదు, ఒక్కో కుండకూ ఒక్కో పేరు పెట్టి ఇచ్చేవారు. "ఇది మా అత్త. నడుము మీద కొట్టు నాయనా" అని ఒకామె. మరుసటి వారం ఆ అత్త ఇంకో ముంత తెచ్చి, "ఇది మా కోడలు. నోరు ఈడుంది చూడు, ఈడ కొట్టు" అనేది. సంఘపెద్ద కదా, పెదనాయన ఇద్దరి మాటా గంభీరంగా వినేవాడు.

నాకు మొదటి గుండు ఇవ్వడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నాచేత తుడిపించాడు, మోయించాడు, ఊపిరి బిగబట్టించాడు. చివరికి ఒక ఆదివారం చీర కుచ్చెళ్లు దోపుకుని గోతం మీద పడుకున్నాను. "తుపాకి బట్టును భుజానికి గట్టిగా అదుముకో అమ్మీ. సందు ఇచ్చినావంటే తంతాది" అన్నాడు. నేను మర్యాదగా కొంచెం సందు ఇచ్చాను. అది తన్నింది. కుండ ఏమైందో తెలియదు కానీ నేను మాత్రం గోతంతో సహా జానెడు వెనక్కి జరిగాను. చెవులు గుయ్యిమంటున్నాయి, కళ్లలో నీళ్లు, భుజం మంట. అంత సంతోషం నాకు ఉద్యోగం కాగితం వచ్చిన రోజు కూడా కలగలేదు. మర్నాడు బళ్లో చెయ్యి పైకి లేవక బోర్డు కింది సగంలోనే పాఠమంతా రాశాను. హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి, "పై సగం ఎవురికి దాచిపెడ్తాండావమ్మా?" అన్నారు. దోసెలకు పిండి రుబ్బాను సార్ అన్నాను. ఆయన నన్ను మంచి పనిమంతురాలని మెచ్చుకున్నారు.

అట్లా ఏడాదిన్నర హాయిగా గడిచాక నేనొకటి కనిపెట్టాను. పెదనాయన గుండు కుండకు తగలడం లేదు. ఒకసారి కాదు, వారం వారం. ఒకప్పుడు కుండ మూతి మీది చిల్లపెంకును మాత్రమే ఎగరగొట్టిన మనిషి, ఇప్పుడు ఏనుగునే తప్పిస్తున్నాడు. మొదటిసారి తప్పినప్పుడు ఆయన గోతం మీంచి తలతిప్పి, "తగిలిందా అమ్మీ?" అని అడిగాడు. ఆ గొంతులో ఏదో చిన్నపిల్లవాడి ఆశ ఉంది. నా నోరు నా మాట వినలేదు. "తగిలింది పెదనాయనా. పక్కన చిల్లు పడింది" అన్నాను. అన్నాక రుజువు కావాలి కదా. పరుగెత్తిపోయి, ఏనుగు చాటున వంగి, రాయి విసిరి కుండను పగలగొట్టి, ఒక పెంకు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని బొటనవేలితో తడిమి, చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే తంతు. ఆరు నెలలయ్యేసరికి నేను తుపాకి కాల్చడంలో ఏమో కానీ, రాయి విసరడంలో మాత్రం ఆరితేరాను.

పెద్దమ్మకు చెపుదామా వద్దా అని గుంజాటన పడి ఒకరోజు చెప్పాను. ఆమె చింతపండు పిసుకుతూ తలైనా ఎత్తలేదు. "చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటాండాడు. మూడు నెల్లాయె. కంటికి పొర వచ్చినట్లుంది. చెప్తే ఒప్పుకుంటాడా?" అంది. సరిగ్గా ఆ వారమే తాలూకా ఆఫీసు నుంచి కబురు వచ్చింది. లైసెన్సు తిరగరాయాలంటే కొత్తగా వచ్చిన అధికారి స్వయంగా విచారణ చేస్తాడట. అరవై దాటిన వాళ్లు ఆయన ఎదుట కాల్చి చూపించాలట. గురి తప్పితే రైఫిలు స్టేషన్లో అప్పగించాలి, ఇక అది ఇంటికి రాదు. పెదనాయన కాగితం విని (చదవమని నాకే ఇచ్చాడు), "రానీలే" అన్నాడు. ఆ మధ్యాహ్నం రైఫిలును రెండుసార్లు తుడిచాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ తుపాకి పోతే ఆయనకు పోయేది ఇనుమూ చెక్కా కాదు, ఆదివారం. నాకూ అంతే.

ఉపాయం పెద్దమ్మదే. నల్లకుండ కనపడకపోతే తెల్లకుండ పెడదామంది. అధికారి పదకొండుకు వస్తాడని తెలిసి, ఆమె తొమ్మిదికి కుండకు చిక్కగా సున్నం పూసింది. బడికి సెలవు పెట్టి వచ్చిన నేను దాన్ని తీసుకుపోయి ఏనుగు మీద పెట్టాను. ఆ అధికారి ఏ తల్లి కన్న బిడ్డో, తొమ్మిదిన్నరకే జీపు దిగాడు. సున్నం పూసిన ఇల్లాళ్లందరికీ తెలిసిన సంగతే, అది తడిమీద తెల్లగా ఉండదు. ఆరాకే తెలుపు. మా కుండ వానలో తడిసిన కాకిలాగా నల్లగా కూర్చుని ఉంది. పెద్దమ్మ నావైపు చూసింది. నేను పెద్దమ్మవైపు చూశాను. విసనకర్ర తీసుకుపోయి కుండకు విసరాలని నాకు నిజంగా అనిపించింది.

ఇక్కడ కారం మామ గురించి చెప్పాలి. ఆయన మా పక్క చేనాయన, మిరపతోట రైతు. పంట వల్ల వచ్చిన పేరో, నోటి వల్ల వచ్చిన పేరో ఊళ్లో ఎవరికీ తేలలేదు. మా ఏనుగుకు అవతల, కొంచెం కుడిగా, గుట్ట మొదట్లో ఉండేది ఆయన తోట. మా గోతం నుంచి మూడింతల దూరం. తోట గట్టున వెదురు గడకు ఆయన ఒక దిష్టికుండ బోర్లించాడు. నున్నగా సున్నం పూసి, నల్లచుక్కలు పెట్టి, మీసాలు కూడా దిద్దాడు. పెదనాయన దాన్ని చూసినప్పుడల్లా, "మీ కుండకు జీతమెంతప్పా?" అని ఎగతాళి చేసేవాడు.

పెదనాయన గోతం మీద పడుకున్నాడు. అధికారి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తోటలో మిరపకాయలు కోస్తున్న కూలీలను నేనే పోయి ఇవతలికి పిలుచుకొచ్చాను, ఎందుకైనా మంచిదని. పెదనాయన చాలాసేపు గురి చూశాడు. తుపాకి మొన ఏనుగు దగ్గర ఆగలేదు. మెల్లగా కుడికి జరిగింది. నాకు అనుమానం వచ్చి నోరు తెరిచేలోగా ఢామ్మని పేలింది. ఎక్కడో దూరంగా, గుట్ట మొదట్లో, మీసాల కుండ వెయ్యి ముక్కలైంది.

అలవాటు కొద్దీ నేనే, "తగిలింది పెదనాయనా" అన్నాను. ఆరు నెలల్లో అదే మొదటి నిజం.

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అదేమయ్యా, దగ్గర ఏనుగు మీద కుండ ఉండగా అంత దూరంలో దాన్ని కొట్టావు?" అన్నాడు. పెదనాయనకు ఏనుగు మీద ఇంకో కుండ ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. తీరిగ్గా లేచి మోకాళ్లు దులుపుకుని, "దగ్గరిదైతే ఎవురైనా కొడతారు సార్" అన్నాడు. అధికారి ఆ కాగితం మీద ఏం రాశాడో తెలియదు కానీ రాసేటప్పుడు తల ఊపుతూ రాశాడు. పెద్దమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, పెదనాయనకు సెల్యూట్ లాంటిది ఒకటి పెట్టి జీపెక్కాడు.

జీపు దుమ్ము అణగకముందే కారం మామ వచ్చాడు, పైపంచెలో పెంకులు మూటగట్టుకుని. "ఏందన్నా ఇది? నీ జోలికి వచ్చిందా నా కుండ? తోటకు దిష్టి తగిల్తే ఎవురిది పూచీ?" అన్నాడు. పెదనాయన నిజం చెప్పలేడు, అబద్ధం ఆడలేడు. చివరికి రాజీ ఏమిటంటే, పగలగొట్టినవాడే కొత్త కుండ కట్టాలి. మరుసటి శనివారం మా పెదనాయన, సంఘపెద్ద, ముక్కాలిపీట ఎక్కి దిష్టికుండకు స్వహస్తాలతో మీసాలు దిద్దాడు. పెద్దమ్మ పీట పట్టుకుంది, నేను మసి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు సైకిల్ మీద అటు వచ్చారు. "పిట్టలు తోలడానికిలే అయ్యగారూ" అంది పెద్దమ్మ. మీసం ఒకటి పైకి ఒకటి కిందికి వచ్చింది. కారం మామ చూసి, "దీన్ని చూస్తే దిష్టి కాదు, నేనే దగ్గరికి రాను" అన్నాడు. ఆ ఏడు ఆయనకు మిరప విరగకాసింది.

అధికారి వచ్చి పోయిన ఆ సాయంత్రమే గోతం మీద కూర్చుని పెదనాయనతో అంతా ఒప్పుకున్నాను. తగిలింది తగిలింది అని ఇన్నాళ్లూ చెప్పింది అబద్ధమని, రాళ్లతో నేనే పగలగొట్టానని. ఆయన నవ్వాడు. జేబులోంచి ఒక పెంకు తీసి నా చేతిలో పెట్టాడు. "గుండు దెబ్బ యాడుంటాదో, రాయి దెబ్బ యాడుంటాదో ఏలితో తడిమితే తెలీదా అమ్మీ? ఇరవై ఏండ్లు ఏం చేసినా మిలిటరీలో?" అన్నాడు.

"మరి తెలిసి ఎందుకు గమ్మునుంటివి?" అన్నాను.

"తగల్లేదని ఒప్పుకుంటే కాల్చేది ఆపాల. ఆపితే నువ్వు నంద్యాల నుంచి రావు కదా" అన్నాడు, బోల్టు తుడుస్తూ. ఆయన బాధపడతాడని నేను, నేను రానని ఆయన. ఆరు నెలలు ఇద్దరం ఒకరికొకరం ఓటికుండలు పగలగొట్టుకున్నాం. కంటి ఆపరేషన్ అయ్యేదాకా తుపాకి ముట్టనని చెప్పి రైఫిలు నాకు ఇచ్చాడు. నేను పడుకున్నాను, సందు లేకుండా అదుముకున్నాను, కాల్చాను. సున్నం ఆరి తెల్లగా మెరిసిపోతున్న కుండ ఏనుగు మీద చెక్కుచెదరలేదు. నా పక్కన, కుండవైపు తలైనా తిప్పని పెదనాయన, ఎంతో నమ్మకంగా, "తగిలింది అమ్మీ" అన్నాడు.

ఇప్పుడు నా వయసు అప్పటి ఆయన వయసు దాటింది. ఆయన పోయాక రైఫిలును సర్కారుకు అప్పగించేశాం. నా దగ్గర మిగిలింది ఆ పెంకు, రాయి విసిరే విద్య. మొన్న పెరట్లో జామచెట్టు చిటారుకొమ్మన పండు కనిపిస్తే కళ్లద్దాలు లేకుండానే గులకరాయి తీసుకుని విసిరాను. పెరటి అరుగు మీద పేపరు చదువుతున్న మా ఆయన తలెత్తి చూసి, "తగిలింది" అన్నాడు. నేను లోపలికి పోయిన కాసేపటికి వచ్చి ఒక జామపండు నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని బొటనవేలితో తడిమి చూశాను. తొడిమ దగ్గర పచ్చిగా, చేత్తో తెంపిన గుర్తు ఉంది. సగం కొరికి, మిగతా సగం ఆయనకిచ్చాను.