మీసం లేని అక్షరం

మా చెల్లెలి కూతురు తన యజమానితో పోట్లాడి గెలవడం నేను కళ్ళారా చూశాను. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, దారిలో పనుందని నన్ను తన ఆఫీసులో కూర్చోబెట్టింది. ఆడా మగా ఎవరైనా రాసుకునే క్రీము ఒకటి తయారు చేశారట. డబ్బా మీద దాని పేరు ఎలాంటి అక్షరాల్లో అచ్చు వెయ్యాలన్నదే తగువు. ఆ అక్షరాలు గీసే ఉద్యోగం మా పిల్లది.

"మగవాళ్ళు కొనాలంటే అక్షరం దిట్టంగా ఉండాలమ్మా. ఆడవాళ్ళకైతే కాస్త వయ్యారం కావాలి. సగం డబ్బాల మీద అలా, సగం డబ్బాల మీద ఇలా వేసెయ్," అన్నాడు యజమాని.

"సగం డబ్బాలకి మీసాలు పెట్టమంటారా సార్?" అంది ఇది.

బల్ల మీద మూడు డబ్బాలు పెట్టింది. ఒకదాని మీద తలకట్లు మీసాల్లా మెలితిరిగి ఉన్నాయి. ఇంకోదాని మీద కొమ్ములు జడల్లా వేలాడుతున్నాయి. మూడోదాని మీద తలకట్టు తలకట్టే, కొమ్ము కొమ్మే.

"మూడిట్లోనూ ఒకటే క్రీము. మీ కోసం ఒకటి తీసుకెళ్ళండి."

ఆయన ఆలోచించకుండా మూడోది జేబులో వేసుకున్నాడు. గుమాస్తా పక్కున నవ్వాడు. యజమాని ముఖం కందగడ్డలా అయింది.

"సరే, నీ మాటే కానీ. ముందు ఒక్క షాపులో పెడతాను. మగవాళ్ళు కొనకపోతే నా రెండు రకాల డబ్బాలు నేను వేసుకుంటాను, నువ్వు వేరే ఉద్యోగం చూసుకో."

గెలిచింది కదా, కుదురుగా ఉండాలా? ఉండదు. చిన్నప్పుడు గోడ కనిపిస్తే గీసేది. అందుకే గీతలమ్మ అని పేరు పెట్టాను. దాని నాన్న లేత్ మిషను మీద పని చేసేవాడు. చేతులు పగిలితే పెళ్ళాం క్రీము దొంగతనంగా రాసుకుని, డబ్బా మీది పేరు గోడవైపు తిప్పి పెట్టేవాడు.

"ఏమయ్యా, సిగ్గు డబ్బాకా, నీకా?" అంటే, "గ్రీజనుకున్నా వదినా," అనేవాడు.

మేమంతా నవ్వి మరిచిపోయాం. ఇది మరిచిపోలేదు. ఎవరూ గోడవైపు తిప్పక్కర్లేని అక్షరం కావాలట దీనికి.

డబ్బాలు షాపుకి వెళ్ళే రోజు దగ్గరపడేకొద్దీ దీని కాలు నిలవలేదు. ముద్ద నోట్లో ఉండగానే కంచం ముందు నుంచి లేచేది. అక్షరాన్ని వెంట్రుకవాసి లావు చేసేది, మళ్ళీ తగ్గించేది. చివరికి ఉప్పు, పప్పు అని ఆ అక్షరాల్లోనే రాసి, నా వంటింటి డబ్బాలకి కాగితాలు అంటించింది.

"ఏమే, ఉప్పు ఆడదా, మగదా?"

"ఊరుకో పెద్దమ్మా. అక్కణ్ణుంచి చదువు. కరకుగా ఉందా?"

"నేను చదివింది మూడో తరగతి. కరకుగా ఉన్నది నీ వాలకమే. కూర్చో."

కూర్చుంటేగా! గుమ్మం దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది.

"మరీ నున్నగా అయిపోయిందేమో. అసలు ఆ రోజు మా సార్ మూడో డబ్బా తీసుకున్నది చేతికి దగ్గరగా ఉందనేమో?"

"దగ్గరగానే ఉంది," అన్నాను. చూసిన మాట చెప్పడానికి నాకు భయమేమిటి?

దాని ముఖం పాలిపోయింది. నా పక్కన కూలబడింది.

"పెద్దమ్మా, రేపు ఆ షాపులో కూర్చుంటావా? మగవాళ్ళు డబ్బా తీసి కొంటున్నారా, మళ్ళీ పెట్టేస్తున్నారా, అంతే చూడు. నోరు మాత్రం మెదపకు."

"మీ అమ్మ లేదా? నా మోకాళ్ళే లోకువయ్యాయా?"

"అమ్మ నా మొహం చూసి, బాగా కొన్నారనే చెబుతుంది. నీకా జాలి లేదుగా. నువ్వే వెళ్ళి, ఉన్నదున్నట్టు వచ్చి చెప్పు."