కొల్లేట్లో లోతు వెతికిన దొర

ఏలూరు మిషను హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే దొరగారు ఒక్కచోట కూర్చోగా నేను చూడలేదు. క్లాసులో గోడ నుంచి గోడకు నడుస్తూనే పాఠం చెప్పేవారు. ఇంగ్లండులో పెద్ద లేబరేటరీలో పరమాణువుల మీద పనిచేసిన మనిషి మా ఊరెందుకొచ్చారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ రోజుల్లో నాకు ముప్పై ఏళ్లు; డిగ్రీ మధ్యలో ఆగిపోయి, అక్కడే కింది క్లాసులకు సైన్సు చెప్పేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"నా శిష్యుడొకడు యుద్ధంలో చనిపోయాడు," అన్నారు. "నాకంటే తెలివైనవాడు. ఆ తరవాత ఆ లేబరేటరీలో నేను నిలవలేకపోయాను."

ఆయన దగ్గర ఒక ఇత్తడి డబ్బా ఉండేది. లోపల సన్నని బంగారు రేకు. విద్యుత్తు ఎక్కిస్తే రేకు పక్కకు విచ్చుకుని మెల్లగా వాలిపోయేది. ఎంత త్వరగా వాలితే చుట్టూ కంటికి కనబడని కిరణాలు అంత ఎక్కువన్నమాట. ఆ కిరణాలు నేలలోంచి వస్తున్నాయా, ఆకాశంలోంచా? నేలలోంచి వచ్చేవాటిని నీళ్లు అడ్డుకుంటాయి కనక, లోతైన నీళ్లలో డబ్బాను ముంచి చూడాలని ఆయన ఆరాటం. మ్యాపులో కొల్లేరు పెద్ద నీలి మచ్చలా కనిపించింది. అంతే, మాఘమాసంలో నన్ను బయలుదేరదీశారు.

"ఆయన పిచ్చి మీకూ అంటుకుందండి," అంది మా ఆవిడ, అటుకుల మూట చేతిలో పెడుతూ.

ఆకివీడు దాకా రైలు, అక్కణ్ణుంచి బండి, ఆపైన దోనె. దోనె నడిపే ఆయనది కొల్లేటికోట. సరస్సు నడిమికి వచ్చాక దొరగారు తాడు చుట్ట విప్పారు.

"ఎంత లోతు కావాలండీ దొరగారూ?"

"వంద అడుగులు."

దోనె ఆయన నవ్వలేదు. గెడ నిలువుగా దించి చూపించాడు. సగం కూడా మునగలేదు. "ఇంతేనండి. వానాకాలంలో అయితే ఇంకాస్త ఉంటుందండి. వందడుగులంటే సముద్రంలోకెళ్లాలండి."

దొరగారి ముఖం ఎర్రబడింది. చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. అప్పుడు దోనె ఆయనే మెల్లగా అడిగాడు.

"ఏవండీ, ఆ డబ్బా ములగాలేంటండీ? నేలకి దూరంగా ఉంటే చాలదాండీ?"

దొరగారు దోనె ఊగిపోయేలా చటుక్కున లేచారు. కిరణాలు నేలలోంచే వస్తుంటే ఛాతీలోతు నీళ్లు కూడా వాటిని చాలావరకు ఆపేస్తాయి కదా! డబ్బాను దోనెలోనే పెట్టి, రేకుకు విద్యుత్తు ఎక్కించి, నన్ను డబ్బాకున్న అద్దంలోంచి చూస్తుండమన్నారు. దోనె ఎక్కేముందు గట్టుమీద చూసినంత సేపూ ఇక్కడా చూశాను. అక్కడ వాలినదాంట్లో రేకు సగమైనా వాలలేదు. కానీ ఆగనూ లేదు.

"కొంత నేలది. మిగిలింది పైనుంచి!" అని కేక పెట్టారు. ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. మూడు రోజులు అదే పని చేశాం. నా కళ్లు వాచిపోయాయి, ఇంటికి పోవాలని మాత్రం అనిపించలేదు.

చూసిందంతా రాసి ఇంగ్లండుకు పంపారు. జవాబు వచ్చింది: ఈ సంగతి ఇతరులు ఏనాడో కనిపెట్టారట. ఉత్తరం నాకిచ్చి వరండాలో సాయంత్రం దాకా నడిచారు.

"ఇతరులు ముందే చూశారు. అయినా మనం చూసింది తప్పు కాదు," అన్నారు చివరికి. "నీళ్లలోకి దిగలేకపోతే కొండ ఎక్కుతాను. మీరూ వస్తారా?"

వస్తానని నోటిదాకా వచ్చింది. ఇద్దరు చిన్నపిల్లలు. రాలేనండి అన్నాను.

తొలకరికి ముందే ఆయన ఉద్యోగం మానేసి నీలగిరికి వెళ్లిపోయారు. అక్కణ్ణుంచి ఒకటే ఉత్తరం: కొండమీద రేకు త్వరగా వాలుతోందని. మరుసటి ఏడు జ్వరంతో పోయారని మిషను వాళ్లు చెప్పారు.

ఆ వార్త విన్నాక నాకు స్థిమితం లేకపోయింది. ఆగిన చదువు మళ్లీ పట్టుకున్నాను. రెండుసార్లు తప్పాను, మూడోసారి గట్టెక్కాను. డిగ్రీ కాగితం చేతికొచ్చిన రోజున చూపించడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచక, ఏలూరు కాలవగట్టు మీద పొద్దుగూకేదాకా తిరిగాను.