పెయ్య ఆడపిల్లది

మా ఇంట్లో పెయ్య పుడితే ఆడపిల్లది, కోడె పుడితే మగపిల్లాడిది. ఈ చట్టం చేసింది మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి. ఆమె కాపురానికొస్తూ పుట్టింటి నుంచి ఒక పుంగనూరు ఆవును తోలుకొచ్చింది. నడుమెత్తు కూడా లేని తెల్లటి పొట్టి ఆవు. తర్వాత మా కొట్టంలో కట్టేసినవన్నీ దాని కడుపువే. మేనత్త ఒకదాన్ని అత్తారింటికి తోలుకుపోయింది. మిగిలిన పెయ్యలు నా వంతుకొచ్చాయి. వంతు అంటే పేరుకే. వాటి పాలూ నెయ్యీ ఇంటికే పోయేవి. నాదన్నప్పుడు నెయ్యి కూడా నాదే కావాలి కదా అని పదో తరగతిలోనే తగువేసుకున్నాను.

"పేరు నీది మే. పేడ అందరిదీ. పో, పోయి ఎత్తు" అంది జేజి.

జువాలజీ డిగ్రీ చేశాను, పెళ్ళయ్యాక కువైట్ వచ్చాను. ఆవును విమానం ఎక్కించలేరు కాబట్టి నా వంతు ఊళ్ళోనే ఉండిపోయింది. నాయన పోయాక తమ్ముడు కొట్టం నిండా జెర్సీ సంకరం ఆవులను కట్టాడు. పాలకేంద్రానికి పోసేది వాటి పాలే. పొట్టావులకు చూడి కట్టడానికి జెర్సీ సూది వేయించాలంటే మాత్రం నన్ను అడిగేవాడు, అవి నావి కనుక. నేను వద్దనేదాన్ని. జాతి చెడిపోతుందని అరగంట చెప్పేదాన్ని. ప్రతిసారీ నేనే నెగ్గేదాన్ని. ఇక్కడ అబ్బాసియాలో ఒక పళ్ళ క్లినిక్ కౌంటర్ దగ్గర కూర్చుంటాను. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యూవల్ ఆలస్యం చేసిన కఫీల్‌తోనే, అంటే వీసా ఇచ్చిన యజమానితోనే, వాదించి నెగ్గిన నోరు నాది, తమ్ముడెంత?

నేనలా నెగ్గుతూ ఉండగానే అవి ముసలివై ఒక్కొక్కటే పోయాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ జాతి ఆబోతు లేకుండా పోయింది. చివరికి ఒక్క పెయ్య మిగిలింది.

మొన్న శుక్రవారం వంటింట్లో బీన్స్ తరుగుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, కొట్టం ఖాళీ చేస్తాండా. మోకాళ్ళు లెయ్యనీడంల్యా. జెర్సీలను ఇచ్చేసినా. నీ పెయ్యొక్కటే ఉండాది. హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చినాడు, ఇప్పుడే తీసకపోతాడంట."

"తీసకపోయి ఏం చేసుకుంటాడు?"

"ఇంట్లో తిప్పుకుంటాడంట, హాల్లో. డైపరు కూడా తెచ్చినాడు కా."

ఇంకో రోజైతే ఆ డైపరు మీదే వాడి చెవులు చిల్లులు పడేలా మాట్లాడేదాన్ని. ఆ రోజు బీన్స్ ఈనెలు తీస్తూనే ఉన్నాను.

"వాడి దగ్గర ఆబోతు ఉందా?"

"యాడిది? పెయ్య ఎదకి రాకుండా సూది ఏమన్నా ఉందా అని అడుగుతాండాడు."

"పొట్టావు సూది ఎక్కడుందో కనుక్కుని తెప్పిద్దాం. చూడి కట్టినాక ఇస్తామని చెప్పు."

"చెప్పినా. కడుపుతో ఉంటే వద్దంట. షేపు పోతాదంట."

"వద్దంటే వద్దు. ఉంచుకో."

"సరే కా, ఉంచుతా. పేడ ఎవురెత్తేది? నువ్వొస్తావా?"

వాడు నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. కూలికి మనిషిని పెట్టమనొచ్చు, మా మరదల్ని నాలుగు మాటలనొచ్చు. నోరు తెరిచాను. ఏదీ అనాలనిపించలేదు. జేజి పుట్టింటి నుంచి వచ్చిన కడుపు ఈ పెయ్యతో ఆగిపోతుందని తెలుసు. పరీక్షలో రాసే జవాబు తెలిసినట్టు తెలుసు, అంతే. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఇంకో బీన్స్ ఈనె తీశాను.

"ఇచ్చేసెయ్. ఖలాస్" అన్నాను.

"ఖలాస్ గిలాస్ అంటే కుదరదు కా. జేజి ఎట్ల చెప్పింది? పెయ్యను ఇంకొకరికి తోలేటప్పుడు ఇంటి ఆడబిడ్డ 'ఇచ్చినాను' అనాల. ఆ మాట పెయ్య చెవిన పడాల. ఉండు, ఫోను దాని చెవికాడ పెడతాండా."

అవతల ఏదో గరగరమంది. తర్వాత ఊపిరి, వెచ్చగా ఉంటుందని నాకు తెలిసిన ఊపిరి.

"ఇచ్చినాను" అన్నాను.

"గట్టిగా కా!" దూరం నుంచి తమ్ముడి గొంతు. "తలకాయ విదిలిస్తాండాది, చెవిన పడలే."

"ఇచ్చినాను!" అని అరిచాను.

"ఆఁ, పడింది పడింది. పెట్టేస్తాండా, తాడు విప్పాల."

షువైఖ్‌లో గోడౌన్ డ్యూటీ చేసొచ్చి లోపలి గదిలో పడుకున్న మా ఆయన లేచినట్టున్నాడు.

"ఎవురికేమిచ్చినావు మే, అట్ల అరుస్తాండావు?"

"పెయ్యను."

"ఓ" అన్నాడు. మంచం కిర్రుమంది, అటు తిరిగి పడుకున్నాడు.