శారద చేతి కోసం కొంటా నుంచి జగదల్‌పూర్‌కు బొగ్గు బస్సులో

ఆ ఉదయం రోజూ వచ్చే ఉదయమే. స్నానం చేసి, దేవుడి ముందు ఇప్పనూనె దీపం పెట్టి జపానికి కూర్చున్నాను. యుద్ధం వచ్చాక కిరసనాయిలు కరువైంది కానీ, దేవుడి గదిలోకి దాన్ని మేమెప్పుడూ రానివ్వలేదు కనుక అక్కడ లోటు తెలియలేదు. వెనక వసారాలో మా చెల్లెలు శారద బూడిదతో లాంతరు చిమ్నీ తోముతోంది. గాజు పగిలిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే కుడి అరచేయి తెగి ఉంది. మా దుకాణంలోంచి సీసా తెచ్చి, గుడ్డను కిరసనాయిలులో తడిపి గట్టిగా కట్టాను.

మాకు తెలిసిన వైద్యం అదే. మా నాన్నగారి కాలం నుంచీ, గాయంతో కొంటాలోని మా దుకాణానికి వచ్చిన చుట్టుపక్కల గూడేల దొర్ల రైతులకు చెంచాడు కిరసనాయిలు ఊరికే పోసి పంపేవాళ్ళం. పుణ్యమనుకునేవాళ్ళం. శారద కట్టును కూడా నాలుగు రోజులు పూటపూటకూ తడిపాను. ఐదో రోజుకు చెయ్యి మణికట్టు దాకా వాచింది. కట్టు కింద చర్మమంతా బొబ్బలు. భర్త పోయాక శారద కుట్టుమిషను మీదే ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. ఆ చెయ్యి పోతే ఇల్లు గడవదు. తమ్ముడు వెంకటేశు ఇంకో రెండు రోజులు చూద్దామన్నాడు. రేపటి బస్సుకే వెళ్తున్నామని చెప్పాను.

బస్సు తెల్లవారుజామున ఐదింటికి కొంటాలో బయలుదేరుతుంది. పిల్లల్ని పక్కింట్లో ఉంచి, ముగ్గురం లాంతరు వెలుగులో వెళ్ళి ఎక్కాం. జగదల్‌పూర్‌కు మనిషికి రెండున్నర రూపాయలు. పెట్రోలు దొరకక బస్సు వెనక ఇనుప పొయ్యి బిగించారు. అందులో బొగ్గు మండితే వచ్చే గ్యాసుతో బండి నడుస్తుంది. దోర్నపాల్ దాటి సుక్మా చేరేసరికి పదకొండయింది. అక్కడ సంతవీధిలో ఒకావిడ అన్నం, చింతపండు చారు పెట్టింది. శారద ఎడమ చేత్తో తినలేక అవస్థ పడుతుంటే నేను కలిపి పెట్టాను. ఈలోగా డ్రైవరు ఇంజనులోంచి తీసిన పాత ఆయిలును ఒక బండివాడి డబ్బాలో పోశాడు. ఎడ్లబండి ఇరుసుకు అదే మందట.

మూడు గంటలకు దర్భా ఘాటు కొండదారి మొదట్లో బస్సు ఆగిపోయింది. బొగ్గు గ్యాసుకు ఎత్తు ఎక్కే బలం లేదు. డ్రైవరు భద్రాచలం వైపు మనిషి. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఏం చెయ్యమంటవు పెద్దమ్మా. ఉన్నది ఒక్క సీసా పెట్రోలు. ఇంతమందిని మొయ్యదు. ఈ రాత్రికి ఈడనే ఉండి పొద్దున చూద్దం.”

“ఒక్క మనిషిని మోస్తదా?” అని అడిగాను.

“మోస్తది.”

నేను దిగాను. వెంకటేశు దిగాడు. సుక్మాలో ఎక్కిన చింతపండు వర్తకుడు, టికెట్టు కొన్నది నడిచేందుకా అని గొణిగాడు. శారద చేతి కట్టు విప్పి చూపించాను. ఆయన తన బుట్ట కూడా దింపుకుని అందరికంటే ముందు నడిచాడు. శారద ఒక్కతే కూర్చుంది. మేమంతా గంటన్నర నడిచి పైకి చేరేసరికి బస్సు అక్కడ నిలబడి ఉంది. సీసా అడుగున రెండు వేళ్ళంత మిగిలింది.

ఆరింటికి పెద్దాసుపత్రి చేరాం. డాక్టరు కిరసనాయిలు స్టవ్వు మీద నీళ్ళు కాగబెట్టించి, కత్తి అందులో వేసి తీసి, గాయం కోసి చీము తీసి కడిగారు. ఇంకో రెండు రోజులైతే వేళ్ళు తీయాల్సి వచ్చేదని హిందీలో చెప్పారు. గాజు చేసినదాని కంటే కిరసనాయిలు చేసిన హాని ఎక్కువట, చర్మాన్ని అదే కాల్చిందట. నేను తల దించుకున్నాను. ఆ తర్వాత పలుచని గుడ్డ మీద తెల్లటి లేపనం రాసి బొబ్బల మీద పరిచారు. అదేమిటని కాంపౌండరుని అడిగాను. ఆయనది రాజమండ్రి వైపు.

“వాజలైనండి. ఇదీ ఆ కిరసనాయిలు వచ్చే నేలనూనెలోంచి తీసిందే. ఒకటి దీపానికి, ఒకటి బస్సుకి, ఇది ఒంటికి. దేని పని దానిదేనండి.”

ఆ రోజంతా మమ్మల్ని నడిపించింది ఆ నూనే. పొద్దున లాంతరులో అది, ఘాటు ఎక్కించింది అది, కత్తిని కాచిన స్టవ్వులో అది. దేవుడు భూమి కింద అన్ని రకాలుగా దాచి పెట్టినదాన్ని నేను ఒకే సీసా అనుకున్నాను. ఈ దారిన వచ్చేవారికి ఒక్క మాట: వానలకు ముందే రండి, ఘాటు నడవగలిగేంత సామానుతోనే రండి.

ఆ రాత్రి మేం దిగిన సత్రం వసారాలో ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. కట్లు మార్చేందుకు శారద, నేను ఇరవై రోజులు ఇక్కడే ఉండాలి. వెంకటేశు రేపే వెళ్ళి దుకాణం తెరవాలి. గాయానికని వచ్చినవారికి ఇక కిరసనాయిలు పోయకూడదు.

“యుద్ధం పేరు చెప్పి చెంచాడు నూనె గూడ దాచుకుంటున్నరంటరక్కా,” అన్నాడు వెంకటేశు.

“అననీ. పొయ్యి మీద కాచిన నీళ్ళుంచు. ఉతికిన గుడ్డ ఇయ్యి.”

వాడు సరేనన్నాడు. నేను తిరిగి వచ్చాక, ఎందుకు పోయడం లేదో సంతరోజున రైతులకు నేనే చెప్పాలని కూడా అనుకున్నాం. ఆ కట్టు కట్టింది నేనే కనుక.