రెండో రొట్టె ముక్క

అది మొదటి ఆదివారమని గుర్తుండి ఉంటే ఆ రోజు ఆవిడను చర్చికి రమ్మనేదాన్నే కాదు. మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే ఏసు శరీరానికి గుర్తుగా రొట్టె, నెలకోసారి, మొదటి ఆదివారం ఇస్తారు. కాలువలో బాప్తిస్మం పొందినవాళ్ళే ఆ రొట్టె ముట్టాలి. ఆవిడేమో మా పక్కింటి హిందువులావిడ. వాళ్ళాయన కడియం నర్సరీలో లారీకి మొక్కలెక్కిస్తూ కూలబడిపోయారు. పక్షవాతం. ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళమని డాక్టర్లు చెప్పేశాక, మీ దేవుడికి కూడా ఓసారి చెప్పుకుంటానండీ అని ఆవిడే నన్ను అడిగింది.

ఏసు ఇచ్చే రక్షణకు కులం లేదు, మతం లేదు, అది అందరికీ అని పాస్టరు గారు ఆ రోజు గొంతు చించుకుని మరీ చెప్పారు. నేనూ గట్టిగానే ఆమెన్ అన్నాను. ఆ వెనకే రొట్టె పళ్ళెం వచ్చింది. నా ముక్క తీసుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ రెండు ముక్కలు తీసుకుని ఉంది. ఒకటి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది, రెండోది కొంగున ముడేసుకుంటోంది. అది మీరు తీసుకోకూడదండీ అని ఆవిడ చెవిలో అన్నాను.

"ఆయనకండీ. ఇందాక అందరికీ అన్నారు కదండీ?"

ముప్పై ఏళ్ళు సండే స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. నా మొహం చూసి ఆవిడే ముడి విప్పి, ముక్క నా చేతిలో పెట్టేసింది. తిరిగి పళ్ళెంలో వేయలేను, పారేయలేను. రుమాల్లో చుట్టి బైబిలు సంచిలో పెట్టుకున్నాను. తర్వాత పాస్టరు గారిని అడిగితే రక్షణ వేరమ్మా, బల్ల వేరు అన్నారు. వింటున్నంతసేపూ సబబుగానే ఉంది. ఇంటికొచ్చేసరికి ఏది వేరో, ఎందుకు వేరో ఏమీ అర్థం కాలేదు.

ఆవిడ ఇక మా గడప తొక్కదనుకున్నాను. శ్రావణమాసం కదా, శుక్రవారం ఎప్పటిలాగే బూరెల గిన్నె పట్టుకుని వచ్చింది. ఏటా నవ్వుతూ తీసుకోవడం, ఆవిడ అటు వెళ్ళగానే పనిమనిషికి ఇచ్చేయడం నాకు అలవాటు. విగ్రహాల ముందు పెట్టినవి మేం తినం. ఆ రోజు మాత్రం దాచలేక, ఇవి మేం తినమండీ అని ఉన్నమాట చెప్పేశాను.

"తెలుసండీ," అంది ఆవిడ. "మీ వాటా అమ్మవారి ముందు పెట్టకముందే తీసేస్తానండి. మొదట్నుంచీ అంతేనండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళూ నేను తినగలిగేలా ఆవిడ తెస్తే, నేను మూతైనా తీసి చూడలేదు.

రుమాలు తీసుకుని ఆవిడ వెంటే వాళ్ళింటికి వెళ్ళాను. చేస్తున్నది తప్పో ఒప్పో అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. పాస్టరు గారికి చెప్పనూ లేదు. ఎండి గట్టిపడ్డ ముక్కను ఆవిడ పాలలో నానబెట్టి ఆయన నోట్లో పెట్టింది. ఆయన మెల్లగా మింగారు. మింగి, నా వైపే చూస్తూ మళ్ళీ నోరు తెరిచారు.

నా రుమాల్లో ఇంకేమీ లేదు.