బొగ్గు కుప్ప, నూట ఇరవై డిగ్రీలు

బొగ్గు కుప్పను తప్పించుకోబోయి త్రిభుజంలో పడ్డ మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నవ్వు ఆపుకోనక్కర్లేదు, మా అక్క ఆనాడే కడుపు చెక్కలయ్యేలా నవ్వింది.

ఎనభైల చివరి సంగతి. నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. మాది వరసలో చివరి క్వార్టర్. అక్క పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో వేయాలి. తాను ఆడి పెరిగిన వాకిట్లోనే తొట్టెల కట్టాలని అక్క కోరిక. కానీ అది వానాకాలం. ఉన్నవి రెండు గదులు. వాన పడితే పాటలు పాడే ఆడవాళ్ళు మంచం కింద కూర్చోవాల్సిందే.

"ఫికర్ చెయ్యకక్కా. వాకిలి మీద టార్పాలిన్ బరకం కడ్త. నీ బిడ్డ మీద ఒక్క చినుకు పడనియ్య" అన్నాను. అప్పుడు నేను పాలిటెక్నిక్‌లో చదువుతున్నాను. ఆ సంగతి వాడలో కుక్కలకు కూడా తెలిసేలా నడిచేవాణ్ణి.

మాది మూడు మూలల వాకిలి. పదహారడుగుల గోడ, ముప్పై అడుగుల గోడ ఒక మూలన బార్లా తెరుచుకుని కలుస్తాయి. వాటి నడుమ కోణం నూట ఇరవై డిగ్రీలు. మూడో వైపు కొలుద్దామంటే, పొయ్యిలోకి తెచ్చి పోసిన బొగ్గు కుప్ప అడ్డం.

"కుప్ప జరిపి తాడు పట్టరాదురా?" అంది అమ్మ.

"తాడెందుకమ్మా? లంబకోణం లేని త్రిభుజానికి గూడ సూత్రముంటది. రెండు భుజాలు, నడుమ కోణం తెలిస్తె సాలు, మూడోది కూసున్నకాడనే చెప్తం."

"కుప్ప జరుపుటానికి బద్ధకమని చెప్పు."

తల్లికి తెలియని సూత్రాలుంటాయా! సరే, లెక్క మొదలుపెట్టాను. రెండు భుజాల వర్గాలు కూడాలి. ఆ భుజాల లబ్ధాన్ని రెట్టించి, కోణం కొసైన్‌తో గుణించి అందులోంచి తీసేయాలి. తీరా చూస్తే నా పట్టికల పుస్తకం తొంభై డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. అది ఆగితే నేనాగుతానా? నూట ఎనభైలోంచి నూట ఇరవై పోతే అరవై, అరవైకి కొసైన్ అర. తొంభై దాటిన కోణమైతే ఆ అర ముందు మైనస్ పెట్టాలి. అప్పుడు తీసేయాల్సింది కాస్తా కలపాల్సి వస్తుంది. ఇది గుర్తుండి ఉంటే మీకీ కథ ఉండేది కాదు. నాకు ఆరువందల డెబ్బై ఆరు వచ్చింది, వర్గమూలం సరిగ్గా ఇరవై ఆరు! చిల్లర లేని జవాబు తప్పెలా అవుతుంది? కుప్పను తవ్వకుండానే ఎలుకను పట్టానని పొంగిపోయాను.

బొగ్గు లారీలకు బరకాలు కుట్టే ఖాదర్ కాక దగ్గరికి పోయాను.

"కొల్చినవా బేటా?"

"లెక్క కట్టిన కాకా."

"లెక్క గాదు, కొల్చినవా?"

"కొలత తప్పుతది గని లెక్క తప్పది కాకా."

ఆయన నన్నొకసారి, కత్తెరనొకసారి చూసి, అల్లా మీద భారం వేసి కోశాడు.

తొట్టెల నాటి పొద్దున అమ్మ నా చేతికి తట్ట ఇచ్చింది. "కుప్ప తియ్యి."

"ఎందుకు?"

"చుట్టాలు బొగ్గుల మీద కూసుంటరా?"

అవును మరి. అంత లెక్కా కట్టింది ఏ కుప్ప తీయకూడదనో, ఆ కుప్పనే తీశాను. ఒళ్ళంతా మసి పూసుకుని ఖాదర్ కాకతో కలిసి బరకం ఎత్తాను. పెద్ద గోడకు చక్కగా అతికింది. చిన్న గోడ దాకా మాత్రం రాలేదు. మూడో వంతు వాకిలి ఆకాశానికే మిగిలింది. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

అక్క బిడ్డనెత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. నాకు బొగ్గు పెళ్ళలతో కూడికలు నేర్పింది తనే.

"మూడో భుజమెంత వచ్చిందిరా?"

"ఇరవై ఆరు."

"ముప్పై కంటె తక్కువనా? గంత పెద్ద కోణం ఎదురుంగ గింత చిన్న భుజముంటదా తమ్మీ? మైనస్ మింగినవు గదరా!"

నవ్విన నవ్వుకు బిడ్డ లేచి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. "నీ తొట్టెల పాడు చేసిన అక్కా" అన్నాను.

అక్క నవ్వు ఆపింది. బిడ్డను అమ్మకిచ్చి, క్యాలెండర్ కాగితాన్ని బరకం ఆకారంలో చింపింది. గోడల మూలకు వచ్చే కొస నుంచి ఎదుటి భుజం సగం దాకా దాన్ని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్కను గిర్రున తిప్పి, ఆ భుజం సగాలు రెండూ ఒకదానికొకటి ఆనించింది. నా తప్పు లెక్కతో కొస కోణం అరవయ్యే కదా, మిగిలిన రెండు కోణాలూ పక్కపక్కన చేరి నూట ఇరవై అయ్యాయి!

"బట్ట తక్కువ గాలేదురా. ఆకారమే తప్పింది. గిట్ల కోసి కుట్టిస్తె సరిపోతది."

పత్యంతో వాడిపోయిన ఆ ముఖం లెక్క కుదరగానే ఎంత వెలిగిందో! ఆ వెలుగు చూసి మా అక్క మీద నాకు పట్టలేనంత ప్రేమ కలిగింది.

ఖాదర్ కాక దబ్బనం తీశాడు. చుట్టాలు వచ్చేసరికి బరకం మూడు మూలలకూ అందింది. పాట నడుమ వాన దంచికొట్టింది. తొట్టెలలో బిడ్డ మీద ఒక్క చినుకు పడలేదు. కుట్టు వెంట కారిన నీళ్ళన్నీ, కింద నిలబడ్డ నా నెత్తిన పడ్డాయి.

అక్క తొట్టెల ఊపుతూ అంది: "తప్పెవరిదో వానకు గూడ తెలిసింది తమ్మీ."

అందుకే, ఆ బొగ్గు కుప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: లంబకోణం లేని ఏ త్రిభుజం జోలికీ మా అక్కను అడగకుండా వెళ్ళను. వెళ్ళినా, ముందు కుప్ప జరుపుతాను.