ల్యాండింగ్‌లో పోయిన మా అఫ్రీన్

నిన్న ఉదయం స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతుంటే అఫ్రీన్ నంబర్ నుంచి కాల్ వచ్చింది.

"ఏందే, ఈ టైంలో ఫ్లయింగ్ లేదా?" అన్నాను.

అవతల వేరే గొంతు. ఏడుపు. ఆమె బ్యాచ్‌మేట్, మన తెలుగమ్మాయే.

"అక్కా, అఫ్రీన్ ల్యాండింగ్‌లో క్రాష్ అయింది. ఇంక లేదక్కా."

కప్పు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. అఫ్రీన్ ఆళ్లగడ్డ పిల్ల. నంద్యాలలో ఇంటర్ చదివినప్పుడు నా రూమ్మేట్. వాళ్ల నాన్న ఖాదర్ మామ అహోబిలం తిరిగే జీపులకు సీట్లు కుడతాడు. పైలట్ కావాలని వేరే రాష్ట్రంలో ఫ్లయింగ్ స్కూల్‌లో చేరింది.

పొట్టి పిల్ల. కాక్‌పిట్‌లో కూర్చుంటే విమానం ముక్కు అడ్డం వచ్చి రన్‌వే సరిగ్గా కనిపించేది కాదు. బ్యాచ్‌లో అందరూ పక్కన నేర్పేవాళ్లు లేకుండా సోలో వెళ్లినా తను మిగిలిపోయింది. ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

"నేల దగ్గరికొస్తానే భయమేస్తాందే. ఇంకా ఎంత కిందుందో తెలీడంల్యా."

సెలవుకు వచ్చినప్పుడు మామ ఆమెను షాపు ముందున్న జీపులో కూర్చోబెట్టాడు. కింద ఫోమ్ పెట్టి, తీసి, కోసి, మళ్లీ పెట్టి...

"ఇప్పుడు కనపడ్తాందా?"

"ఇంగ కొంచెం, నాయనా."

బజారంతా నిలబడి చూసింది. ఆ కుషన్ చంకలో పెట్టుకునే బస్సెక్కింది.

సోలో అయిన రోజు వీడియో కాల్‌లో గంతులేసింది. "నేనొక్కదాన్నే దించినానే! పక్క సీట్లో ఎవరూ ల్యారు!"

నిన్న కూడా పక్క సీట్లో ఎవరూ లేరు.

గాలి పక్క నుంచి కొట్టిందట. చక్రాలు రన్‌వేకి తగిలి విమానం ఎగిరిపడిందట. పైకి లేపి ఇంకో రౌండ్ తిరిగి వద్దామని ఫుల్ పవర్ ఇచ్చిందట. ముక్కు మరీ పైకి లేచి, ఒక రెక్క వాలి, రన్‌వే పక్కనే పడిపోయింది.

చూసినమ్మాయి చెప్పింది ఇంతే. ఎంక్వైరీ ఇంకా మొదలే కాలేదు. తప్పు ఎవరిదో మీరు తేల్చకండి, ప్లీజ్.

కుట్టుమిషన్ చప్పుడులో మామకు ఏ ఫోనూ వినపడలేదు. నంద్యాల నుంచి బస్సెక్కి నేనే వెళ్లాను.

నన్ను చూసి నవ్వాడు. "ఏం పాపా, చెప్పకుండా వచ్చినావ్? కూర్చో, టీ చెప్తా."

చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు.

మిషన్ దగ్గర్నుంచి లేచి నా దగ్గరికొచ్చాడు.

"ఎగిరేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగేటప్పుడు మామా."

ఆయన కళ్లలో ఆశ వచ్చింది. నేను చూశాను.

"దిగేటప్పుడైతే నేలకొచ్చేసినట్లే గదమ్మా! అంత దగ్గరికొచ్చినాక పడితే కాలో చెయ్యో ఇరుగుతాది. సచ్చిపోతారా యాడన్నా? యా ఆస్పత్రిలో పెట్టినారో కనుక్కో పాపా."

మళ్లీ ఫోన్ చేయించాడు. ఆ అమ్మాయి మళ్లీ అదే మాట చెప్పింది. మామ ఫోన్ లాక్కున్నాడు.

"నువ్వు సరిగ్గా చూసినావామ్మా? అది పొట్టిది. లోపలుంటే బయటికి కనపడదు."

మామ గొంతు వినే అఫ్రీన్ వాళ్లమ్మ, మా అత్త, లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత జరిగింది రాయలేను.

క్రాష్ వీడియో మన నంద్యాల, ఆళ్లగడ్డ గ్రూపుల్లో తిరుగుతోంది. మీ కాళ్లు పట్టుకుంటా, ఫార్వర్డ్ చేయకండి. మామ చూపించమని అడుగుతున్నాడు. లేదని అబద్ధం చెప్తున్నాను.

"ఆడపిల్లకు విమానాలెందుకు" అని కామెంట్ పెట్టేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

అంబులెన్స్ ఈరోజు వస్తోంది. పొద్దున్నుంచి మామ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. "డ్రైవర్‌కు ఇల్లు తెలీదు గదా" అంటాడు. ఎవరు పిలిచినా లోపలికి రావడం లేదు.

అఫ్రీన్, నిన్ను పోయిరమ్మని ఎట్లా అనాలే?

పోయిరా. నువ్వున్న చోట భయం ఉండకూడదు. నీకైనా మనశ్శాంతి దొరకాలి.

ఇక్కడ మాకెవరికీ లేదు.